పొయ్యి వాటా, పొర వాటా

లాల్‌పేట్, చంద్రపూర్
మార్చి 2

సుభా,

బాగున్నవా అని అడిగే ఓపిక ఈ రోజు నాకు లేదు. బాగానే ఉన్నవనుకొని మొదలుపెడుతున్న. ఫోన్ ఎందుకు చెయ్యలేదని తిట్టకు. ఫోన్ చేస్తే రెండో మాటకే "పోనీలేవే" అంటవు. ఈసారి నేను పోనిచ్చేది లేదు. కోపాన్ని చివరిదాక చెప్పుకోవాల్నంటే మధ్యల ఎవరూ మాట్లాడొద్దు, అందుకే ఉత్తరం. బడిల మరాఠీ చదువుకున్న నాకు హన్మకొండ హాస్టల్ల కూర్చోబెట్టి తెలుగు రాయడం నేర్పింది నువ్వే. తప్పులు కనబడితే అవి టీచరమ్మవే అనుకో.

వరుసగా రాస్తా. నీకు తెలిసినవి కూడ రాస్తా. వరుస తప్పితే నా మీద నాకే అనుమానం వస్తది, నా సంగతి నీకు తెలుసు.

పోయిన దసరా ముందు మీ హైదరాబాద్ ల్యాబ్ నుంచి నువ్వు నాకొక బిళ్ళ పంపినవు. రూపాయి బిళ్ళంత మాలిబ్డినం పళ్లెం, దాని మీద బూడిద పూసినట్టు కనిపించే పొర. చూసినోళ్లెవరూ వజ్రం అనుకోరు. మీథేన్, హైడ్రోజన్ వాయువుల్లోంచి పెంచి, అందుల కొంచెం నైట్రోజన్ కలిపి, పైన హైడ్రోజన్ పూత ఇచ్చి పంపినవు. ఆఫీసు పని అయిపోయినంక, ఎవరూ అడగకుండ, నా కోసం. గాలి తీసేసిన గాజు జాడీల కింద టంగ్‌స్టన్ తీగ చుట్ట పెట్టిన, అదే పొయ్యి. దాని మీద నీ పళ్లెం. పైన ఎలక్ట్రాన్లను పట్టుకునే రేకు. మామూలు లోహమైతే తెల్లగ మండేదాక ఎలక్ట్రాన్లను వదలదు. నీ పొర ఇంకా ఎర్రబడనే లేదు, మీటర్ల అంకె కదిలింది. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేస్తే నువ్వు అక్కడ, నేను ఇక్కడ అరిచిన అరుపులు గుర్తున్నయా? మా ఆయన కంగారుపడి బాత్రూంలోంచి సబ్బుతోనే బయటికొచ్చిండు.

నలభై దాటినంక పీహెచ్‌డీ మొదలుపెట్టినదాన్ని, సుభా. కాలేజీల పాఠం చెప్తూ, ఇంట్ల వంట చేస్తూ. పైగ కోలరీ క్వార్టర్లల్ల పుట్టినదాన్ని. "బాపయ్య బిడ్డ బొగ్గును వజ్రం చేస్తుందట" అని మా గల్లీ అంతా ఒకటే జోకు. ఎదురుపడ్డ ప్రతివాడూ అదేదో తనకే తట్టినట్టు చెప్పి నవ్వుతడు. నేనూ నవ్వుత. ఇన్నేండ్ల నుంచి నవ్వి నవ్వి నాకు దవడ నొప్పి.

జనవరిల సమీక్ష. డిపార్ట్‌మెంట్ అంతా కూర్చున్నది. నేను గ్రాఫ్ చూపించిన. మా గైడ్ అనంతరావు సారు, ఆయనే డిపార్ట్‌మెంట్ హెడ్డు కూడ, కుర్చీల వెనక్కి వాలి అందరికీ వినబడేటట్టు అన్నరు. (ముందు "అన్నరు" అనే వచ్చింది చెయ్యికి. ఈ ఉత్తరంల అంత మర్యాద నాతోని కాదు. అన్నడు.) "మేడమ్, మీరు పొయ్యి మీద గిన్నె పెట్టి, పొయ్యి మంటను కొలిచి, గిన్నెల పాయసం ఉందంటున్నరు" అన్నడు. అందరూ నవ్విన్రు. ఎలక్ట్రాన్లు నా పొర నుంచి రాలేదు, కింద కాలుతున్న తీగ నుంచే పళ్లెం అంచు మీదుగ జారి పైకి పోయినయి అని ఆయన మాట.

నన్ను కాల్చేది ఏందో తెలుసా? ప్రశ్న న్యాయమైనదే. తీగ పొర కన్నా ఎక్కువ వేడి మీద ఉంటది, అదీ ఎలక్ట్రాన్లను వదులుతది. నాకూ ఆ అనుమానం ముందే వచ్చింది. అంచు చుట్టూ అడ్డం రేకు కట్టిన. పొర లేని ఉత్త పళ్లెం పెట్టి కొలిచి అది కూడ చూపించిన. "అది వేరే పళ్లెం, దానికి పొయ్యి వేరే లెక్కన మండుతది, ఒకదానితో ఒకటి పోల్చడం కుదరదు" అన్నడు. అదీ నిజమే! "ఆ భాగం తీసెయ్యండి మేడమ్, ఈ వయసుల ఇంత కష్టమైన టాపిక్ ఎందుకు, సులువైంది చూద్దాం" అని ముగించిండు. నేను తీసేసిన. ఒక్క మాట ఎదురు చెప్పకుండ. కానీ అడుగుతున్న, పాయసం, గిన్నె ఎందుకు వచ్చినయి ఆయన నోట్లకి? పక్కన శ్రేయస్ అని ఆయన ఇంకో స్టూడెంట్ ఉంటడు, పాతికేండ్ల పిల్లడు. వాని తప్పు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇంజిన్ అంటడు, పంపు అంటడు. నాకు మాత్రమే వంటిల్లు.

ఇదంతా మింగిన. మొన్న ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన, సైన్స్ డే నాడు, మింగింది మొత్తం గొంతులకు తిరిగొచ్చింది. వరండాల పోస్టర్లు పెట్టిన్రు. ఒకదాని ముందు జనం. "చంద్రపూర్ వేడి నుంచి కరెంటు" అని మరాఠీల పెద్ద అక్షరాలు. దాంట్ల నా గ్రాఫ్. నా గ్రాఫే, సుభా! ఆ రోజు కొలుస్తుంటే కరెంటు ఒక్క క్షణం పోయొచ్చింది, గీత మధ్యల చిన్న నొక్కు పడ్డది. ఆ నొక్కు అట్లనే ఉంది. కింద పేర్లు శ్రేయస్, అనంతరావు.

సార్ గదిల్కి పోయిన. "సార్, అది తప్పన్నరు గదా?"

"శ్రేయస్ కొత్తగ విశ్లేషణ చేసిండు మేడమ్."

"గ్రాఫ్ నాది సార్."

"ల్యాబ్‌ది. ల్యాబ్‌ల నాదీ నీదీ ఏంది? మనం ఒక కుటుంబం."

నా పేరు కింద ఉంటే తప్పు, శ్రేయస్ పేరు కింద ఉంటే ఒప్పు. అదే గీత, అదే నొక్కు. ఎలక్ట్రాన్లు మనిషిని చూసి లేస్తయా? ఇంకా వినుకో. పంతొమ్మిదో తారీకున కమిటీ వస్తుంది. వేడిని కరెంటుగ మార్చే పరిశోధనకు మా దగ్గర ఒక కేంద్రం పెట్టాల్నా వద్దా అని చూడటానికి. వాళ్ల ముందు నీ పొరనే వేడి చేసి చూపిస్తరట. చూపించేది శ్రేయస్. "మరి నేను, సార్?" అని అడిగిన. ఏమన్నడో చెప్పనా? "మీరు రంగోళీ, ఔక్షణ్ చూసుకోండి మేడమ్. మీ చెయ్యి చక్కగ ఉంటది." గేటు దగ్గర హారతి పళ్లెం పట్టుకొని అతిథులకు బొట్టు పెట్టాల్నట. డిపార్ట్‌మెంట్‌ల ఆడవాళ్లం నేనూ మాధురీ, పరిశోధన ఎవరిదైనా బొట్టు మాదే.

ఇంటికొస్తే మా ఆయన విజయ్‌కుమార్, "ఏంది, సైంటిస్టుగారి మొకం గట్ల మాడింది?" అన్నడు. చెప్పిన. విన్నడు పాపం, అన్నం చల్లారేదాక విన్నడు. విని, "నీ పేరు లేకుంటే ఏమాయె, జీతం కోస్తరా?" అన్నడు. అదైనా సహించిన. తర్వాత, "గల్లీ మూలదాక పోయి, గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని మళ్ల ఇంటికొచ్చి చూసే మనిషివి నువ్వు. అంత పెద్ద సారు తప్పన్నడంటే, ఏమో, నిజంగనే తప్పేమో సూడు" అన్నడు. ప్లేటు తీసుకొని లేచిపోయిన. ఆ మాట నన్ను ఎందుకు అంత కోసిందంటే, లోపల నేనూ అదే అనుకుంటున్న.

అందుకే ఈ ఉత్తరం. ఎవరికీ చెప్పని మాట నీకు చెప్తున్న. నేను పీహెచ్‌డీ వదిలేస్తున్న. కమిటీ పోయినంక కాగితం ఇచ్చేస్తా. కానీ వదిలే ముందు ఒక్కటి తెలుసుకోవాల్నని ఉంది. ఆ కరెంటు పొరదా, పొయ్యిదా? దారి ఉంది. పొరను తొమ్మిది వందల డిగ్రీలు దాటించి కొంతసేపు ఉంచితే పైన హైడ్రోజన్ పూత ఊడిపోతది. పూత లేని పొర ఎలక్ట్రాన్లను వదలదు. మళ్ల పాత వేడికే దించి చూస్తే, అదే పళ్లెం, అదే పొయ్యి, అదే మంట. అప్పుడు పోయినంత పొరది, మిగిలినంత పొయ్యిది. ఎవరూ కాదనలేరు.

కానీ ఆ తర్వాత పొర ఉండదు. నిజమని రుజువు చెయ్యాల్నంటే దాన్ని చంపాలె. ల్యాబ్ తాళంచెవి నా దగ్గర ఉంది, ఆదివారం పోయి చేసెయ్యచ్చు. చేసేస్తే పంతొమ్మిదిన శ్రేయస్ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఇక్కడే ఆగిపోయిన. నేను చెయ్యాలనుకుంటున్నది పరీక్షా, పగా? రెండు రోజుల నుంచి అడుక్కుంటున్న, జవాబు రాలేదు. పొర నువ్వు పెంచింది. నిన్ను అడగకుండ దాని జోలికి పోను.

ఎవరి మీదనో కోపంతో నీ మీద అరిచిన,
తిరుమల


హైదరాబాద్
మార్చి 8

ఏమే తిరుమలా,

పెన్ను పట్టి ఎన్నేండ్లయిందో, నా దస్తూరి నాకే డాక్టరు చీటీలాగ ఉంది. చదువుకోలేకపోతే నీ ఖర్మ.

ముందు నీ ప్రశ్నకు జవాబు. కాల్చు. అది పొర, పుస్తెలతాడు కాదు. దాన్ని దాచుకుంటే ఏమొస్తది? నేను పెంచింది గాజు బీరువాల పెట్టుకోవడానికి కాదు, వేడి చెయ్యడానికి.

కానీ ఒకటి తెలుసుకొని కాల్చు. ఇంకోటి రాదు. మా పొరలు పెంచే మెషీన్ సంక్రాంతి తర్వాత ఆగిపోయింది. బాగు చేయించడానికి ఎవరికీ మనసు లేదు, నన్ను కొనుగోళ్ల సెక్షన్‌ల కూర్చోబెట్టిన్రు. ఇరవై ఏండ్లు ప్లాస్మా చూసిన కండ్లతో ఇప్పుడు కుర్చీల కొటేషన్లు చూస్తున్న. మామూలుగనైతే పూత పోయిన పొరను తిరిగి హైడ్రోజన్ ప్లాస్మాల పెడితే ఒక్కోసారి ప్రాణం వస్తది. ఇప్పుడు ఆ దారి లేదు. నీ దగ్గరున్నది నా చేతి చివరి పొర. ఏడిపించడానికి చెప్తలేను, తెలిసి చెయ్యాల్నని చెప్తున్న.

ఇక ఇంకో మాట. నువ్వు కూర్చొని చదువు. జనవరి మొదట్ల మీ అనంతరావు సారు నాకు ఫోన్ చేసిండు. "తిరుమల మేడమ్‌కు మీరిచ్చిన పొర అద్భుతంగ పనిచేస్తుంది, అట్లాంటివే ఇంకో నాలుగు కావాలె, శ్రేయస్ అని మా అబ్బాయికి" అన్నడు. మెషీన్ ఆగిపోయేటట్టుంది సార్, కుదరదు అన్న. నీకు తెలిసే అడిగిండనుకున్న. మీ సమీక్ష ఎప్పుడు జరిగింది? జనవరి చివర్ల కదా? అంటే నీ పొర మంచిదని ఆయనకు ముందే తెలుసు. తెలిసే పాయసం కథ చెప్పిండు. దీని మీద నువ్వు ఎంత అరుస్తవో అరువు. ఈసారి "పోనీలేవే" అనను.

పరీక్షా, పగా అని అడిగినవు. నాకు తెలిసింది ఇంతే. ఆదివారం నాడు తలుపేసుకొని చేస్తే, నీ అంకె ఎంత కరెక్టుగ ఉన్నా అది పగే. ఎవరూ నమ్మరు, పాడు చేసిందంటరు, నువ్వు కూడ కొన్నాళ్లకు నిన్ను నమ్మవు. అందరి కండ్ల ముందు చెయ్యి. తప్పని తేలినా అందరి ముందే తేలనీ. అప్పుడు అది పరీక్షే.

వదిలేసే సంగతి మాత్రం నేను చదవలేదనుకుంట. ఆ పేరా దగ్గర నాకు చత్వారం వచ్చింది.

మీ ఆయనను అడిగినట్టు చెప్పు. ఆ మాటకు నా తరఫున ఒక రోజు చాయ్ బంద్ చెయ్యి.

సుభాషిణి


లాల్‌పేట్, చంద్రపూర్
మార్చి 25

నా సుభా,

అయిపోయింది. పొర పోయింది. ముందే చెప్పేస్తున్న, లేకుంటే ఉత్తరం అంతా నువ్వు దానికోసమే వెతుకుతవు.

నీ ఉత్తరం అందిన రోజు నేను సార్ గదిల్కి పోలేదు. పోతే ఏమనేదాన్నో నాకే భయం. తెలిసి తప్పన్నడు! తెలియక తప్పంటే వాదించచ్చు. తెలిసి అన్నవాడితో ఏం వాదిస్తం? నెలన్నర నన్ను నేను పిచ్చిదాన్ని అనుకున్న. వంట చేస్తూ, క్లాసుల పాఠం చెప్తూ, "అడ్డం రేకు వంకర కట్టిన్నేమో" అని అదే తలుచుకున్న. ఆ నెలన్నర ఎవరిస్తరు నాకు?

పంతొమ్మిది నాడు పొద్దున్నే పోయి రంగోళీ వేసిన. వెయ్యకపోతే అదే పెద్ద గొడవైతది, అసలు సంగతి పక్కకు పోతది. మాధురి పక్కన రంగులు అందిస్తూ, "తాయీ, ఆజ్ రాగ్ కోణావర్ ఆహే?" అన్నది, ఈ రోజు కోపం ఎవరి మీద అని. గీతలు అంత గట్టిగ పడుతున్నయట. ముగ్గురు సభ్యులు కారు దిగిన్రు. అందుల ఒక పెద్దావిడ, రాజకుమారి మేడమ్, నాగ్‌పూర్ల రిటైరైన ప్రొఫెసర్. పుట్టింది సిరోంచల అట, తెలుగు వచ్చు. నేను బొట్టు పెట్టి హారతి తిప్పుతుంటే నా కార్డు చూసి, "మీరు ఏం చెప్తరమ్మా?" అని అడిగింది.

"ఫిజిక్స్, మేడమ్."

"మరి ఈ పళ్లెం?"

"ఇది కూడ డిపార్ట్‌మెంట్ పనే, మేడమ్."

ఆమె నవ్వలేదు. బొట్టు మాత్రం సరిగ్గ పెట్టుకున్నది.

ల్యాబ్‌ల అందరూ జాడీ చుట్టూ నిలబడ్డరు. శ్రేయస్ పొయ్యి ముట్టించిండు. వేడి ఆరు వందల డిగ్రీలకు వచ్చింది. మీటర్ల అంకె తొమ్మిది. సార్ మొకం వెలిగింది. థర్మల్ ప్లాంటు చిమ్నీలు, వృథా అయ్యే వేడి, చంద్రపూర్ ఎండ, రేపటి దేశం, అన్నీ ఒక్క ఊపిరిల చెప్పిండు. ఆయన ఆగగానే రాజకుమారి మేడమ్ అడిగింది. "ఈ ఎలక్ట్రాన్లు కింద తీగ నుంచి రావడం లేదని ఎట్ల తెలుసు?"

ఆ ప్రశ్నే, సుభా. జనవరిల నా నోరు మూసిన ప్రశ్నే. నేను సార్ దిక్కు చూసిన. "అదేమీ లేదు మేడమ్, అదంతా చూసుకున్నం" అన్నడు. ఎంత సులువుగ! నేను అడ్డం రేకులు కట్టి, ఉత్త పళ్లెం పెట్టి, దసరా నుంచి జనవరిదాక నిద్ర లేకుండ పాకులాడినది ఆయనకు ఒక్క ముక్కల అయిపోయింది.

"ఎట్ల చూసుకున్నరు?" అన్నది ఆమె. శ్రేయస్ దిక్కు చూసింది. వాడు నేల చూసిండు.

"దారి ఉంది మేడమ్" అన్న. నా గొంతేనా అనిపించింది.

"మేడమ్, మీరు చాయ్ సంగతి చూడండి" అన్నడు సారు.

"చాయ్ అందరూ తాగిన్రు సార్."

చెప్పిన. పూత ఊడగొట్టడం, మళ్ల ఆరు వందలకు దించడం, పోయినంత పొరది, మిగిలినంత పొయ్యిది. "తర్వాత పొర?" అని అడిగింది ఆమె. "పనికి రాదు. ఇంకోటి లేదు, పెంచే మెషీన్ కూడ ఆగిపోయింది" అన్న. సారు నవ్వు మొకం పెట్టి, "మేడమ్ కొంచెం భావోద్వేగంల ఉన్నరు, పొర ల్యాబ్ ఆస్తి, అట్ల కాల్చేస్తమా?" అన్నడు.

"ఎవరిది పొర?" అని మళ్ల అడిగింది ఆమె, ఆయనను కాదు, గదిని.

శ్రేయస్ తల ఎత్తకుండనే, "మేడమ్‌చీ ఆహే" అన్నడు. మేడమ్‌దే. అంత చిన్నగ అన్నడు, అయినా అందరికీ వినబడ్డది. నిజం చెప్తున్న, ఆ పిల్లోని మీద నేను పెంచుకున్న కోపం అంతా ఎక్కడ పెట్టాల్నో తెల్వలేదు ఆ నిమిషం.

"అయితే వారే చెప్పాలె" అన్నది ఆమె.

నేను జాడీ దగ్గరికి పోయిన. మీట మీద చెయ్యి పెట్టి ఆగిన. తప్పని తేలితే? తొమ్మిదికి తొమ్మిదీ పొయ్యిదే అని తేలితే? నీ చివరి పొరను నా పంతానికి కాల్చిన్నని నువ్వు పైకి అనకపోయినా... "చేస్తరా?" అని మెల్లగ తెలుగుల అడిగింది ఆమె. చేస్త అన్న.

వేడి పెంచుతుంటే ముందు అంకె లేచింది. పదిహేను, ముప్పై, ఇంకా పైకి. సారు అతిథులకు తానే కాలుస్తున్నట్టు చూపిస్తున్నడు. పళ్లెం నారింజ రంగుకు వచ్చింది. అప్పుడు అంకె నిలబడింది. తర్వాత పడింది. వేడి పెరుగుతుంది, అంకె పడుతుంది, సుభా! తీగ అయితే ఇంకా లేవాలె గదా? పడుతుందంటే పోతున్నది పొరది. గదిల ఉన్నోళ్లందరికీ చెప్పకుండనే అర్థమైంది. నాకు సంతోషమూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చినయి. నీ పొర పోతూ ఏ చప్పుడూ చెయ్యలేదు. ఉన్నచోటనే, అదే బూడిద రంగుతోని, అట్లనే ఉంది. లోపల మాత్రం అయిపోయింది.

మళ్ల ఆరు వందలకు దించిన. కుదురుకునేదాక ఆగినం. మూడు.

తొమ్మిది కాదు, సున్నా కూడ కాదు. మూడు. ఆరు పొరది, మూడు పొయ్యిది.

"చూసిన్రా?" అన్నడు సారు వెంటనే. "తీగ కరెంటు ఉందని జనవరిలనే నేను చెప్పిన!"

అప్పుడు తెగింది. అరవలేదు. అరిస్తే మళ్ల భావోద్వేగం అంటడు. "సార్, జనవరిల మొత్తం పొయ్యిదే అన్నరు. ఇందాక పొయ్యిది ఏమీ లేదన్నరు. రెండూ కొలవకుండనే అన్నరు. తొమ్మిదీ నాదే అని నేనూ అనుకున్న, నాదీ తప్పే. ఆరు. అంతకన్న ఒక్కటి ఎక్కువ అడగను, ఒక్కటి తక్కువ ఒప్పుకోను" అన్న. శ్రేయస్ ఆరు అని తన చేతి మీద పెన్నుతో రాసుకున్నడు, పిచ్చోడు. రాజకుమారి మేడమ్ జాడీల చల్లబడుతున్న పళ్లేన్ని చూస్తూ నిలబడింది. భోజనానికి పిలిచినా కాసేపు కదల్లేదు. పోయేటప్పుడు, "రిపోర్టు పంపు, చదువుత" అన్నది. అంతే. ఆకాశానికి ఎత్తలేదు, నాకు అదే నచ్చింది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "అంటే గెలిచినట్టా, ఓడినట్టా?" అని అడిగిండు. "ఆరు" అన్న. "తొమ్మిదిల ఆరంటే ఫస్ట్ క్లాసే గదనే" అన్నడు. చాయ్ బంద్ శిక్ష ఆ పూటకు తీసేసిన.

కథ ఇక్కడ ఆగితే నేను చెప్పిన మాట ప్రకారం కాగితం ఇచ్చేసి ఉండేదాన్ని. నిజమేందో తెలిసింది కదా, ఇంక ఎందుకు అనుకున్న. మర్నాడే సారు పిలిచిండు. చాయ్ తెప్పించిండు, కుర్చీ చూపించిండు. నా ముందు ఒక కాగితం పెట్టిండు. పొర కరెంటును, పొయ్యి కరెంటును వేరు చేసే పద్ధతి మీద వ్యాసం. "మంచి పద్ధతి కనిపెట్టింది మన ల్యాబ్" అన్నడు. రచయితలు అనంతరావు, శ్రేయస్, తిరుమల. "మీ పేరు కూడ ఉంది చూడండి" అని వేలు పెట్టి చూపించిండు, పిల్లకు చాక్లెట్ చూపించినట్టు. నీ పేరు చివర్ల, కృతజ్ఞతల్ల, కరెంటు పని చూసిన మనిషి తర్వాత ఉంది. స్పెల్లింగ్ కూడ తప్పు.

ఆ చాయ్ తాగలేదు. ఆ కాగితం చదువుతుంటే నాకు వదిలెయ్యాలన్న కోరిక చచ్చిపోయింది. నేను లేచి పోతే ఆరు కూడ ల్యాబ్‌ది అయితది. పొర ల్యాబ్‌ది, గ్రాఫ్ ల్యాబ్‌ది, కాల్చింది కూడ ల్యాబే అయితది. ఉంట. ఆశతోని కాదు, ఒళ్లు మండి ఉంట. గైడ్‌ను మార్చమని యూనివర్సిటీకి అర్జీ పెట్టిన. ఎన్నాళ్లు తిప్పుతరో తెల్వదు, తిప్పనీ.

వ్యాసం నేనే రాసిన. రాత్రిళ్లు దాక్కొని కాదులే, పట్టపగలు, స్టాఫ్‌రూంల, అందరి ముందు కూర్చొని రాసిన. రచయితలు ఇద్దరు. తిరుమల, సుభాషిణి. పొర పెంచినోళ్లకు చివర్ల థ్యాంక్స్ చెప్పడం రివాజు అంటరు. ఎవరి రివాజు? పొర లేకుంటే నేను ఏం కాల్చేదాన్ని, ఉత్త పళ్లేన్నా? శ్రేయస్‌ను అడిగిన, నీ పేరు పెట్టాల్నా అని. "త్యాత్ మాఝం కాహీచ్ నాహీ, మేడమ్" అన్నడు. అందుల తనది ఏమీ లేదట. ఇద్దరి నుంచి సంతకం కావాలె, వెనక కాగితం పెడుతున్న. నువ్వు పెద్ద మనసు చేసుకొని "నాకెందుకే" అంటే, హైదరాబాద్ వచ్చి నీ కొటేషన్లన్నీ చింపిపోత.

నిన్న ఒక ప్రతి సార్ టేబుల్ మీద పెట్టిన. దాచి పంపితే పగ అంటవు కదా నువ్వు. మొదటి పేజీ చూసిండు, తిప్పిండు, మళ్ల మొదటి పేజీకి వచ్చిండు.

"మేడమ్, ఇందుల నా పేరు ఏది?"

"చివర్ల ఉంది సార్. కృతజ్ఞతల్ల."

"ఏమని?"

"ఈ కరెంటు పొయ్యిది కావచ్చు కదా అని మొదట అడిగినందుకు."

నీ
తిరుమల